పచ్చిక బయళ్లలో పసుపు ముసుగు పిట్ట: వెతికి చూడటానికి సమగ్ర మార్గదర్శి

దూరదేశాలకు పిట్టల్ని చూడటానికి వెళ్లేవాళ్లలో చాలామంది ముందుగా పిట్ట బొమ్మను కంఠస్థం చేస్తారు. రంగు, ముక్కు, తోక పొడవు, అన్నీ మనసులో పెట్టుకుని బయల్దేరతారు. సాఫ్రన్ కౌల్డ్ బ్లాక్‌బర్డ్ విషయంలో ఆ పద్ధతి పెద్దగా పనికిరాదు. మగపిట్ట తల, రొమ్ము, పొట్ట పండు నిమ్మకాయను మించిన పసుపు. వీపు, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే పిట్ట కూడా మోకాలెత్తు గడ్డిలోకి దిగిందంటే జాడ దొరకదు. దాన్ని మనకు పట్టిచ్చేవి రెండే: అది బతికే నేల, దానికి కాపలా కాసే మరో పిట్ట. ఈ రెండింటినీ చదవడం నేర్చుకున్నవాళ్లకు పసుపు పిట్ట తనంతట తానే కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో పిట్ట గురించి కన్నా దాని ఊరు, దాని పొరుగు గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఈ పిట్ట ఉండేది దక్షిణ అమెరికా ఆగ్నేయ మూలన మాత్రమే. బ్రెజిల్ దక్షిణ కొసనున్న రియో గ్రాండె దో సుల్, సాంతా కతరీనా రాష్ట్రాలు, ఉరుగ్వే, ఈశాన్య అర్జెంటీనాలోని కొరియెంతెస్, ఎంత్రె రియోస్ రాష్ట్రాలు, దక్షిణ పరాగ్వేలో కొద్ది చోట్లు. అంతే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ముప్పు ఎదుర్కొంటున్న జాతుల్లో ఇదొకటి.

మొదటి మెట్టు: పేరు చిక్కు విప్పుకోండి

బ్లాక్‌బర్డ్ అనే మాటను రెండు వేర్వేరు కుటుంబాలకు వాడుతున్నారు. ఐరోపాలో బ్లాక్‌బర్డ్ అంటే త్రష్ కుటుంబపు పిట్ట. మన పడమటి కనుమల్లో కనిపించే ఇండియన్ బ్లాక్‌బర్డ్ దానికి దగ్గరి చుట్టం. అమెరికా ఖండాల బ్లాక్‌బర్డ్‌లు ఆ కోవకు చెందవు. వాటిది ఇక్టెరిడే కుటుంబం. అక్కడి ఓరియోల్‌లు, కౌబర్డ్‌లు, మెడోలార్క్‌లు అన్నీ ఆ కుటుంబంలోవే. ఆ కుటుంబం మన దేశంలో లేదు కాబట్టి మనవాళ్లు దీనికి పేరు పెట్టే అవసరమూ రాలేదు. ఈ వ్యాసంలో దీన్ని పసుపు ముసుగు పిట్ట అంటాను.

శాస్త్రనామం క్సాంథోప్సర్ ఫ్లావస్. గ్రీకులో క్సాంథోస్ అంటే పసుపు, ప్సర్ అంటే మన గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగ్. లాటిన్‌లో ఫ్లావస్ అన్నా పసుపే. అంటే పసుపు గోరింక, అదీ పసుపుది. పేరు పెట్టినవాళ్ల కంటికి ఆ రంగు ఎంతగా ఆనిందో ఒక్క పేరులో రెండుసార్లు చెప్పుకున్నారు. ఈ ప్రజాతిలో ఉన్నది ఇదొక్కటే జాతి. అర్జెంటీనాలో దీన్ని తోర్దో అమరియో అంటారు, ఉరుగ్వేలో ద్రాగోన్, బ్రెజిల్‌లో వెస్తె అమరేలా. వెస్తె అమరేలా అంటే పసుపు బట్ట. వెళ్లే దేశాన్ని బట్టి ఈ మూడు మాటల్లో ఒకటి నోటికి అలవాటు చేసుకోండి. పల్లెల్లో ఇంగ్లీషు పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఉరుగ్వే రైతుతో ద్రాగోన్ అంటే చెయ్యి ఎత్తి ఎటు వెళ్లాలో చూపిస్తాడు.

పరిమాణంలో మన గోరింక కన్నా కొంచెం చిన్నది, సుమారు 20 సెంటీమీటర్లు. మగపిట్టలో తలతో పాటు భుజం మీద, తోక మొదట్లో నడుము మీద కూడా పసుపు ఉంటుంది. కంటికీ ముక్కుకూ మధ్య చిన్న నల్లమచ్చ ఉంటుంది. ఎగిరేటప్పుడు నల్లటి వీపు కింద ఆ పసుపు నడుము దీపంలా వెలుగుతుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి అదే మంచి గుర్తు. ఆడపిట్ట వేరేగా ఉంటుంది. పైభాగం ఆలివ్ కలిసిన గోధుమ రంగు, కంటి పైన పసుపు కనుబొమ్మ, కిందిభాగం వెలిసిన పసుపు, నడుము మాత్రం మగపిట్టలాగే పసుపు. మన గిజిగాడు మగపిట్టను చూసిన కళ్లకు ఈ పసుపు కొత్తగా అనిపించదు కానీ, గిజిగాడికి అది గూడు కట్టే కాలపు ముస్తాబు. ఈ మగపిట్ట ఏడాది పొడవునా పసుపుగానే ఉంటుంది.

పొరపడే అవకాశం ఉన్న పిట్టలు రెండు. మార్ష్‌బర్డ్‌లని పిలిచే ఈ రెండూ అదే చిత్తడిలో, ఒక్కోసారి అదే గుంపులో కనిపిస్తాయి. రెండింటికీ పొట్ట పసుపే, తల మాత్రం ముదురు గోధుమ రంగు. వాటిలో ఒకదానికి నడుము కూడా పసుపే కాబట్టి, ఎగిరిపోతున్న గుంపులో నడుమును మాత్రమే చూసి నిర్ణయానికి రావద్దు. తల చూసేదాకా ఆగండి. పుస్తకాల్లో పక్కపక్కనే కనిపించే ఎల్లో హుడెడ్ బ్లాక్‌బర్డ్ గురించి కంగారు పడక్కర్లేదు. దాని తల పసుపు, ఒళ్లంతా నలుపు. అది ఖండం ఉత్తరాన వెనెజువెలా, కొలంబియా వైపు పిట్ట, ఇటు రాదు.

రెండో మెట్టు: దాని ఇంటిని నేర్చుకోండి

ఈ మెట్టు మీద ఎంత సమయం పెడితే అంత మంచిది. నిజానికి మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, ఈశాన్య అర్జెంటీనా కలిసి ఒక పెద్ద పచ్చిక బయలు. స్పానిష్‌లో కాంపోస్ అంటారు, పొలాలని అర్థం. అర్జెంటీనాలోని పంపా అనే గడ్డిమైదానం బల్లపరుపుగా ఉంటే, కాంపోస్ అలలు అలలుగా ఉంటుంది. మెత్తగా లేచే మెరక, మెత్తగా దిగే పల్లం, మళ్లీ మెరక. వాన ఏడాది పొడవునా పడుతుంది కాబట్టి ప్రతి పల్లంలోనూ నీరు ఊరుతూ ఉంటుంది. మెరక మీద పొట్టి గడ్డి, పశువులు. పల్లంలో చిత్తడి, తుంగ, ముళ్ల పొదలు.

పసుపు ముసుగు పిట్టకు రెండూ కావాలి. దాని పడకగది పల్లంలో, వంటిల్లు మెరకలో. చిత్తడిలో గూడు కడుతుంది, పొట్టి గడ్డిలో నడుచుకుంటూ పురుగుల్ని ఏరుకుంటుంది. రెండింటిలో ఏది పోయినా అక్కడ ఉండదు. మెరకంతా దున్ని సోయా వేసిన చోట పల్లం చిత్తడిగా మిగిలినా లాభం తక్కువ. మెరకను అలాగే ఉంచి పల్లానికి కాలువ తీసి నీళ్లు తోడేసినా అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కారులో వెళ్తూనే వంద చోట్లను వదిలేసి ఒక్క చోట ఆగగలుగుతారు.

పల్లంలో వెతకాల్సిన మొక్క ఒకటుంది. దాని పేరు ఎరింజియం పాండానిఫోలియం. పాండానిఫోలియం అంటే మొగలి ఆకులాంటి ఆకు కలది. మొగలి పొద తెలిసిన తెలుగువాళ్లకు ఇంతకన్నా సులువైన గుర్తు ఉండదు. కత్తుల్లా పొడవాటి ఆకులు మొదలు నుంచి గుత్తిగా నలువైపులకూ విరజిమ్మినట్టు ఉంటాయి, అంచుల వెంట రంపపు పళ్లలాంటి ముళ్లు. నడుమ నుంచి మనిషిని మించిన ఎత్తు పూకాడలు లేచి, వాటి కొసల్లో చిన్న చిన్న గుండ్రటి పూలబంతులు. మొగలికీ దీనికీ చుట్టరికం మాత్రం లేదు. ఇది మన కొత్తిమీర, జీలకర్ర, క్యారెట్ల కుటుంబం. అక్కడివాళ్లు కరగ్వాతా అంటారు. దాని మధ్యకు ఆవు మూతి పెట్టలేదు, నక్క సులువుగా దూరలేదు. పిట్ట గూడు పెట్టడానికి అంతకన్నా మంచి కంచె ఎక్కడ దొరుకుతుంది? ఎరింజియం లేనిచోట బక్కారిస్ అనే పొదల్లో కట్టుకుంటుంది. గడ్డిపోచలతో అల్లిన దొప్పలాంటి గూడు, నేలకు లేదా నీటికి కొద్దిపాటి ఎత్తులోనే ఉంటుంది. గుంపుగా కాపురం పెడుతుంది. ఒక పల్లంలో కొన్ని జతలు ఉండవచ్చు, పదుల జతలూ ఉండవచ్చు.

పశువుల సంగతి చెప్పకపోతే ఈ చిత్రం పూర్తికాదు. ఈ ప్రాంతానికి స్పెయిన్‌వాళ్లు 17వ శతాబ్దం ఆరంభంలో ఆవుల్ని తెచ్చి వదిలారు. నేటికీ ఉరుగ్వేలో మనుషుల కన్నా పశువులు మూడు రెట్లకు మించి ఉంటాయి. మేత మితంగా ఉన్నచోట గడ్డి పొట్టిగా ఉంటుంది, మొక్కల జాతులు ఎక్కువగా ఉంటాయి, పసుపు ముసుగు పిట్టకు అది అనుకూలం. అందుకే ఇది అడవిని కంచెవేసి కాపాడితే బతికే పిట్ట కాదు. పశువుల్ని మేపే రైతు ఆ భూమిని గడ్డిగానే ఉంచితే బతికే పిట్ట. 2006లో మొదలైన అలియాన్సా దెల్ పస్తిసాల్, అంటే పచ్చిక బయళ్ల కూటమి, ఈ సూత్రం మీదే పనిచేస్తోంది. ఆవెస్ అర్జెంటీనాస్, సావె బ్రెజిల్, గీరా పరాగ్వే, ఆవెస్ ఉరుగ్వే అనే నాలుగు దేశాల పక్షి సంస్థలు సహజమైన గడ్డిని కాపాడుకునే పశుపోషకులతో కలిసి నడుస్తున్నాయి.

మూడో మెట్టు: ఉపగ్రహ చిత్రంలో ముందే గాలించండి

ప్రయాణానికి ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఇది. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఎంచుకున్న ప్రాంతాన్ని దగ్గరగా చూడండి. లేతాకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన మెత్తటి నేల పచ్చిక. దాని మధ్య చెట్టుకొమ్మల్లా చీలుతూ పోయే ముదురు చారలు పల్లాలు. పటంలో గీసినట్టు చదరాలు చదరాలుగా ఉండే ముదురు ఆకుపచ్చ ముక్కలు జామాయిల్, పైన్ తోటలు. వంకరటింకర గట్ల గీతలు దగ్గర దగ్గరగా కనిపిస్తే వరి. అవును, తూర్పు ఉరుగ్వేలో వరి పెద్ద పంట, దానికోసం ఇండియా ముయెర్తా అనే పెద్ద చిత్తడిలో చాలా భాగాన్ని ఎండగట్టారు.

పచ్చిక, పల్లం రెండూ కలిసి ఉండి, పక్కగా ఒక మట్టిరోడ్డు పోతున్న చోట్లకు గుర్తు పెట్టుకోండి. ఓ పది చోట్లుంటే చాలు. ఆపైన పిట్టలు చూసేవాళ్లు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, బ్రెజిల్ అయితే వికీఆవెస్ వెబ్‌సైట్ ఫొటోల్లో చూసి, ఈ పిట్టను ఇటీవల ఏ పట్టణం చుట్టుపక్కల చూశారో పోల్చుకోండి.

నాలుగో మెట్టు: మన ఊళ్లోనే సాధన చేయండి

దీన్ని చాలామంది దాటేస్తారు, నేను దాటొద్దంటాను. పశువులు మేస్తున్న బీడులో ఒక ఉదయం కూర్చోండి. ఎత్తైన గట్టు మీదో, కంచె రాతి మీదో, గేదె వీపు మీదో ఏట్రింత ఉంటుంది. పసుల పోలిగాడనీ అంటారు. కింద గోరింకలు నడుస్తూ ఉంటాయి. డేగ నీడ పడగానే ముందు అరిచేది ఏట్రింతే, గోరింకలు ఆ అరుపుకే లేస్తాయి. కిందివాళ్లు తల వంచుకుని తింటుంటే పైవాడు తల ఎత్తి చూస్తుంటాడు. ఈ లెక్క కంటికి అలవాటైతే కాంపోస్‌లో సగం పని అయినట్టే. ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.

నంద్యాల జిల్లా రోళ్లపాడు దగ్గరున్నవాళ్లు ఈ సాధన అక్కడే చేయవచ్చు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డిబీళ్లను నడిచి చూసినవాళ్లకు కాంపోస్ కథ వేరే వివరించక్కర్లేదు. గడ్డి ఉన్న నేలను బంజరు అని రాసుకోవడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది.

అయిదో మెట్టు: కాలం, చోటు

ఋతువులు మనకు తలకిందులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వసంతం, గూళ్ల కాలం. మగపిట్టలు పొదల కొసలెక్కి కనిపించేదీ, గుంపు ఒకే పల్లాన్ని అంటిపెట్టుకుని ఉండేదీ అప్పుడే. శీతకాలంలో, అంటే మే నుంచి ఆగస్టు దాకా, గుంపులు తిరుగుతూ ఉంటాయి, ఎక్కడ దిగుతాయో చెప్పలేం. కొత్తవాళ్లకు నా సలహా అక్టోబరు చివరి పదిహేను రోజులు. కాపురాలు మొదలై ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు.

చోట్లలో మొదటిది తూర్పు ఉరుగ్వేలోని రోచా జిల్లా. మాంటెవిడియో నుంచి 9వ నంబరు రహదారి పట్టుకుని కాస్తియోస్ అనే చిన్న ఊరికి వెళ్లడానికి రమారమి 260 కిలోమీటర్లు. దారి బాగుంటుంది. ఆ ప్రాంతం యునెస్కో 1976లో గుర్తించిన బన్యాదోస్ దెల్ ఎస్తె జీవావరణ రక్షిత ప్రాంతంలోది. సరస్సులు, చిత్తడులు, వాటి మధ్య బుతియా అనే పొట్టి తాటిజాతి చెట్ల తోపులు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే నా ఎంపిక. ప్రయాణం సులువు, దేశం చిన్నది. గాలి ఒక్కటే ఇబ్బంది. సముద్రం వైపు నుంచి సుదెస్తాదా అనే ఆగ్నేయపు గాలి వీస్తే రెండు రోజులు పిట్టలు గడ్డిలోంచి తల ఎత్తవు. చేతిలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

రెండోది బ్రెజిల్‌లోని కాంపోస్ దె సీమా దా సెర్రా, కొండల మీది పచ్చిక బయళ్లు. పోర్టో అలెగ్రె నుంచి పైకెక్కాలి. బోమ్ జెజుస్, సావో జోజె దొస్ ఔజెంతెస్ ఊళ్ల చుట్టూ ఈ పిట్ట ఉంటుంది. ఆ రెండో ఊరి పరిధిలోనే రాష్ట్రంలో అత్యంత ఎత్తైన మోంతె నెగ్రో శిఖరం, సుమారు 1,400 మీటర్లు, ఉంది. గొడుగు తలల అరౌకారియా చెట్లు, పొగమంచు, చిత్తడి పల్లాలు. అందంలో దీనికి సాటి లేదు. కానీ పొగమంచు పట్టిన ఉదయం పది గంటల దాకా పది అడుగుల ముందు ఏముందో తెలియదు. స్వెటరు తప్పనిసరి.

మూడోది అర్జెంటీనా. కొరియెంతెస్‌లో ఇబెరా చిత్తడుల తూర్పు అంచు, ఎంత్రె రియోస్‌లో గ్వాలెగ్వాయిచూ చుట్టుపక్కల. ఎంత్రె రియోస్‌లో పిట్టలు తక్కువ, కాపురాలున్న భూములు సొంత భూములు. అక్కడికి మీ అంతట మీరు వెళ్లకుండా ఆవెస్ అర్జెంటీనాస్ ద్వారా వెళ్లడం మర్యాద. 1916 నుంచి పనిచేస్తున్న సంస్థ అది, గూళ్ల కాలంలో ఈ పిట్ట కాపురాలకు కాపలా ఉండే కార్యక్రమం కూడా నడిపింది.

ఆరో మెట్టు: కట్టుకోవాల్సిన మూట

బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వేల నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపించాలి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది కాబట్టి చివరి నిమిషానికి వదలొద్దు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వెళ్లే ముందు రోజులు, వేళలు కనుక్కోండి.

ఎనిమిది రెట్లు పెంచి చూపే బైనాక్యులర్ చాలు. పచ్చిక బయలులో దూరాలు ఎక్కువ కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఒక టెలిస్కోపు పంచుకోండి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి ప్యాంటు, టోపీ. కరగ్వాతా ముళ్లు పలచటి బట్టను ఒక్క అడుగులో చీరేస్తాయి. గడ్డిలో పిడుదులుంటాయి, సాయంత్రం ఒళ్లంతా ఒకసారి చూసుకోండి.

ఏడో మెట్టు: తెల్ల పిట్టను ముందు పట్టుకోండి

ఇప్పుడు పొలంలోకి వచ్చాం. తెల్లవారుజామున, అక్టోబరులో అయితే ఆరు గంటల ప్రాంతంలో, గుర్తు పెట్టుకున్న మొదటి పల్లం దగ్గర రోడ్డు పక్కన కారు ఆపి, దిగకుండా అద్దాలు దించండి. పశువులకూ పిట్టలకూ కారు అలవాటే, కాళ్ల మీద నిలబడ్డ మనిషి అలవాటు లేదు. కారే మీ మంచె.

పసుపును వెతకొద్దు. తెలుపును వెతకండి. పొదల కొసల మీద, కంచె గుంజల మీద, కరగ్వాతా పూకాడల మీద ఒళ్లంతా పాలలా తెల్లగా ఉండి రెక్కలు, తోక నల్లగా ఉన్న పిట్ట కనిపిస్తుందేమో చూడండి. అది బ్లాక్ అండ్ వైట్ మొంజితా. మొంజితా అంటే స్పానిష్‌లో చిన్న సన్యాసిని. ఆడపిట్ట తల, వీపు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. ఇంకో తెల్ల మొంజితా కూడా ఉంది, దానికి రెక్క కొసలు, తోక కొస మాత్రమే నలుపు. అది మామూలు పిట్ట, ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. మీకు కావాల్సింది రెక్క దాదాపు మొత్తం నల్లగా ఉన్నది. అది కూడా ముప్పులో ఉన్న జాతే, దానికీ కావాల్సింది పల్లం పక్కన పచ్చికే.

పసుపు ముసుగు పిట్టలు మేతకు దిగినప్పుడు ఈ మొంజితా వెంట ఉంటాయి. అర్జెంటీనా పక్షిశాస్త్రవేత్త రొసెండో ఫ్రాగా వంటివాళ్లు ఈ రెండు జాతుల సహవాసాన్ని జాగ్రత్తగా గమనించి నమోదు చేశారు. మొంజితా ఎత్తున కూర్చుని నేల మీద కదిలే పురుగు కోసం చూస్తుంది, కనపడగానే దిగి పట్టుకుని మళ్లీ ఎక్కుతుంది. అలా కళ్లు తిప్పుతూ ఉండే పిట్టకు డేగ ముందుగా కనిపిస్తుంది. కిందున్న గుంపు ఆ కళ్లను నమ్ముకుని తల వంచుకుని తింటుంది. మన ఏట్రింత, గోరింకల లెక్కే.

మొంజితా దొరికాక దాని మీద నుంచి చూపు తీయొద్దు. అది కూర్చున్న గుంజకు ముందు ముప్పై నలభై అడుగుల గడ్డిని నెమ్మదిగా గాలించండి. మొదట ఒక పసుపు చుక్క గడ్డి కొసల పైకి లేచి, మళ్లీ మునుగుతుంది. అది తల. కాసేపటికి ఇంకోటి, కొంచెం పక్కన. అప్పటిదాకా ఖాళీగా ఉందనుకున్న గడ్డిలో పది పన్నెండు పిట్టలు ఒకే దిక్కుకు నడుస్తున్నాయని తెలిసే క్షణం అది. వెనకబడినవి ముందున్నవాటి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి ముందుకు దిగుతాయి. అప్పుడే నడుము మీది పసుపు మెరుస్తుంది. మొంజితా తర్వాతి గుంజకు మారితే గుంపూ అటు జరుగుతుంది. మీరు కారు కదపొద్దు. చాలాసార్లు గుంపే రోడ్డు వైపు వస్తుంది.

దగ్గరికి వచ్చినప్పుడు ముక్కును చూడండి. సూటిగా, మొనదేలి ఉంటుంది. గడ్డి దుబ్బు మొదట్లోకో, మెత్తటి మట్టిలోకో మూసిన ముక్కు దూర్చి, లోపలే దాన్ని బలంగా తెరుస్తుంది. మట్టి పాయగా విడుతుంది, లోపలున్న పురుగు బయటపడుతుంది. మనకు నోరు మూసే కండరాల్లో బలం ఎక్కువ. ఇక్టెరిడే కుటుంబంలో ముక్కు తెరిచే కండరాలు కూడా అంత బలంగా పెరిగాయి. పచ్చికలో అందరికీ కనిపించే మిడత కాకుండా మట్టిలో దాగిన పురుగును ఈ పిట్ట తినగలగడం అందువల్లే.

గంటసేపు చూసినా మొంజితా కనిపించకపోతే రెండో పల్లానికి కదలండి. ఉదయం పది దాటాక వేడి, గాలి పెరుగుతాయి. అప్పుడు వెతకడం కన్నా రైతులతో మాట్లాడటం మేలు. ఎస్తాన్సియా, అంటే పశువుల్ని మేపే పెద్ద కమతం, గేటు దగ్గర ఆగి, చప్పట్లు చరిచి, మనిషి వచ్చేదాకా నిలబడటం అక్కడి పద్ధతి. అనుమతి అడగకుండా కంచె దాటొద్దు. లోపలికి రానిస్తే ఒక నియమం: మూసి ఉన్న గేటును మూసి వెళ్లాలి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదలాలి. మాతె తేనీరు చేతికిస్తే పుచ్చుకోండి. ఆ గ్లాసు తిరిగేలోపు ద్రాగోన్ ఎక్కడ గూడు పెట్టిందో మాటల్లో వచ్చేస్తుంది.

ఎనిమిదో మెట్టు: కాపురం దొరికితే

గూళ్లున్న పల్లం దొరకడం అదృష్టం. దాన్ని ఎలా చూశామన్నది ఆ పిట్టలకు ప్రాణ సమస్య. చిత్తడిలోకి దిగొద్దు. మనం నడిచిన దారి గడ్డిలో మడతపడి ఉంటుంది, రాత్రి వచ్చే జంతువుకు అది బాట. మగపిట్టలు లేచి తల మీద తిరుగుతూ అరుస్తున్నాయంటే ఇప్పటికే దగ్గరికి వచ్చేశాం, వెనక్కి నడవాలి. ఫోనులో కూత వినిపించి పిలవడం అసలు చేయొద్దు.

గట్టు మీద నుంచి టెలిస్కోపుతో చూస్తే చాలు. మగపిట్టలు పూకాడల మీద కావలి కూర్చుంటాయి. ఆడపిట్టలు గడ్డిపోచలతోనో, గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక పురుగులతోనో వచ్చి ఒకే దుబ్బులోకి దిగుతూ ఉంటాయి. అదే సమయంలో పక్క కంచె మీద ఊదా మెరుపున్న నల్ల పిట్ట, దాని వెంట బూడిద గోధుమ రంగు ఆడపిట్ట కూర్చుని ఉన్నాయేమో చూడండి. అవి షైనీ కౌబర్డ్‌లు. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టు ఇది పసుపు ముసుగు పిట్ట గూట్లో పెడుతుంది, ఉన్న గుడ్లను ముక్కుతో పొడిచి పాడు చేస్తుంది కూడా. మనం కలవరపెట్టి తల్లిని లేపిన ప్రతిసారీ కౌబర్డ్‌కు తలుపు తీసినట్టే. అందుకే అరగంట చూసి కదిలిపోండి.

ఇంకో జాగ్రత్త. ఈ పిట్ట అందమే దానికి శత్రువు. పంజరాల కోసం పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. కాపురం ఉన్న చోటు ఖచ్చితమైన గుర్తులను, ఫొటోలో దారి తెలిసిపోయే గేటును, గాలిమరను బహిరంగంగా పెట్టొద్దు. ఊరి పేరు చాలు. ఖచ్చితమైన చోటును ఆ దేశపు పక్షి సంస్థకు నేరుగా రాయండి.

తొమ్మిదో మెట్టు: నేలను కూడా రాసుకోండి

పుస్తకంలో పిట్టల సంఖ్య రాసుకోవడం అందరూ చేస్తారు. ఈ పిట్ట విషయంలో చుట్టూ ఉన్న నేల వివరం అంతకన్నా విలువైనది. ఉరుగ్వేలో 1987లో వచ్చిన అటవీ చట్టం ప్రోత్సాహంతో పచ్చిక మెరకల మీద జామాయిల్, పైన్ తోటలు విస్తరించాయి. కొరియెంతెస్‌లో పైన్, బ్రెజిల్ కొండల మీద పైన్, మిగతాచోట సోయా. ఖమ్మం వైపు జామాయిల్ తోటల్లో నడిచినవాళ్లకు ఆ నిశ్శబ్దం తెలుసు. వరసగా చెట్లు, కింద ఎండుటాకులు, గడ్డిపోచ ఉండదు. గడ్డి మీద బతికే పిట్టకు చెట్లు నాటడమే నరికివేత. ఈ మాట మన దగ్గర చెబితే ఆశ్చర్యపోతారు, చెట్టు పెట్టడం ఎప్పుడూ మంచిదేనని మనకు అలవాటైన నమ్మకం. ఒక్కసారి కాంపోస్‌లో నిలబడి, ఒకవైపు మొంజితా కూర్చున్న పల్లాన్నీ, మరోవైపు గోడలా నిలిచిన జామాయిల్‌నూ చూడండి.

కాబట్టి ప్రతి చోటా ఇవి రాసుకోండి. పల్లంలో నీళ్లున్నాయా, ఎండిందా. కరగ్వాతా ఎంత మేర ఉంది. గడ్డి చీలమండ దాకానా, మోకాలి దాకానా. పశువులు ఎన్ని. ఇటీవల కాల్చిన ఆనవాళ్లున్నాయా, ఎందుకంటే బ్రెజిల్ కొండల మీద శీతకాలం చివర పాత గడ్డిని కాల్చడం ఆనవాయితీ, ఆ మంట ఒక్కోసారి పల్లంలోకీ దిగుతుంది. దగ్గరి తోట ఎంత దూరంలో ఉంది. మొంజితాలు ఎన్ని, వాటిలో ఆడవి ఎన్ని. పసుపు ముసుగు పిట్టల్లో మగ, ఆడ విడివిడిగా. కౌబర్డ్‌లు ఉన్నాయా.

రోజంతా తిరిగి ఒక్క పిట్టా కనిపించకపోయినా ఆ జాబితాను ఈబర్డ్‌లో పూర్తి జాబితాగా పెట్టండి. ఫలానా పల్లంలో, ఫలానా తేదీన, రెండు గంటలు చూశాం, నీళ్లున్నాయి, కరగ్వాతా ఉంది, మొంజితా లేదు, పసుపు ముసుగు పిట్ట లేదు, తూర్పు మెరక మీద కొత్తగా జామాయిల్ మొక్కలు నాటారు, మోకాలెత్తు పెరిగాయి. వచ్చే అక్టోబరులో అదే పల్లం దగ్గర కారు ఆపేవాళ్లకు ఆ వరుసే ముందుగా పనికొస్తుంది.